పష్మీనా మేక మన మందకు పనికొస్తుందా?

పష్మీనా శాలువా ఖరీదు వింటే ఆ మేకలేవో మనమూ పెంచుదామనిపిస్తుంది. డబ్బు పెట్టే ముందు ఆ నూగు ఎలా వస్తుందో తెలుసుకోండి.

ఈ మేకలు లడఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమివి. ఎత్తు 14 వేల అడుగులకు పైమాటే. మేక చర్మంలో రెండు రకాల వెంట్రుక కుదుళ్లుంటాయి. పెద్ద కుదుళ్ల నుంచి ముతక బొచ్చు, చిన్నవాటి నుంచి మెత్తని నూగు వస్తాయి. నూగు మందం 12 నుంచి 14 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుకలో సుమారు ఐదో వంతు.

చలికే నూగు పెరుగుతుందనుకుంటాం. అసలు కారణం పగలు తగ్గడం. జూన్ చివరి నుంచి రాత్రి పెరిగినకొద్దీ మేక ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోను ఎక్కువసేపు ఊరుతుంది. దాంతో చిన్న కుదుళ్లు మేల్కొంటాయి. సంక్రాంతి నాటికి ఎదుగుదల ఆగిపోతుంది. ఎండలొచ్చాక వదులైన నూగును చాంగ్‌పా కాపరులు దువ్వి తీస్తారు. ఏడాదంతా మేపితే సగటున దక్కేది మేకకు పావు కిలో లోపే! లేహ్‌లో చలికాలపు పగలు పది గంటలకు లోపే. మన దగ్గర పదకొండు గంటలు. ఇక్కడ ఆ మార్పు అంతగా ఉండదు.

పోతు ఎంపికలోనూ ఒక మెలిక ఉంది. నూగు బరువు, మందం రెండూ వంశపారంపర్యంగా జంటగా వస్తాయి. బరువొక్కటే చూసి పోతును ఎంచితే పిల్లల నూగు ముతకబారి, ధర పడిపోతుంది.

కాబట్టి ఎవరైనా పష్మీనా పిల్లల్ని అమ్మజూపితే తొందరపడకండి. మన దగ్గర ధర పలికేది మాంసానికి. ఒక్క పోతే పాతిక మేకలకు సరిపోతుంది, పిల్లలన్నింటికీ సగం గుణాలు దానివే. కవలల్లో పుట్టి, మూడు నెలలకు బాగా బరువు తూగినదాన్నే ఉంచుకోండి.