ప్రోగ్రాము వ్రాయుటకు ఏ సాధనము మేలు?

ప్రోగ్రాము వ్రాయ నేర్చుకొను విద్యార్థికి నోట్‌ప్యాడు వంటి సాదా ఎడిటరు చాలునా, లేక ఐ.డి.ఇ. యను సమగ్రసాధనము వలయునా?

సాదా ఎడిటరు మనము వ్రాసినదానిని భద్రపరచును, అంతే. సీ భాషలో వ్రాసిన ప్రోగ్రామును జీసీసీ వంటి కంపైలరునకు మనమే యొప్పగింపవలెను. అది యంత్రభాషలోనికి మార్చిన పిమ్మట మనమే నడపవలెను. ఒక సెమీకోలను మఱచినచో, కంపైలరు కొన్నిమారులు తరువాతి పంక్తిని తప్పుపట్టును. బాలుడు పై పంక్తికి పోయి వెదకును. ఈ వెదకులాటయందే వాక్యనిర్మాణము పట్టుపడును.

ఐ.డి.ఇ. యందు వ్రాయుట, మార్చుట, నడపుట యన్నియు నొకచోటనే జరుగును. 1983లో వెలువడిన టర్బో పాస్కల్ ఈ సౌకర్యమును చిన్న కంప్యూటర్లకు తెచ్చెను. 1987లో టర్బో సీ వచ్చెను. దాని నీలితెర మన కళాశాలల ప్రయోగశాలలలో బహుకాలము నిలిచినది; నిలువవలసినదానికంటె నెక్కువకాలమే యనవచ్చును! ఐ.డి.ఇ. లోని డిబగ్గరు ప్రోగ్రామును పంక్తిపంక్తికి నిలిపి, ఏ చరరాశి విలువ యెంతయో చూపును. ఫైళ్లు ఇరువది ముప్పది యైనపుడు ఇట్టి సహాయము లేక పని సాగుట కష్టము.

అయినను, నర్సీపట్నమునుండి పాలిటెక్నిక్కులకును ఇంజనీరింగు కళాశాలలకును పోవు మన పిల్లలు వ్రాతపరీక్షలో ప్రోగ్రామును కాగితముపై వ్రాయవలసియుండును. సగము వ్రాసిన పదమును పూరించువా రచ్చట లేరు. కావున మొదటి సంవత్సరము సాదా ఎడిటరే మేలని నా యభిప్రాయము. క్రొత్త కంప్యూటరు కొనలేకపోతిమని తలిదండ్రులు చింతింప నక్కఱలేదు. ఈ పనికి పాతదియే చాలును.