మిల్లీ బాబీ బ్రౌన్: బుల్లితెర నుంచి యునిసెఫ్ దాకా

బ్రిటిష్ నటి మిల్లీ బాబీ బ్రౌన్ 2004 ఫిబ్రవరి 19న స్పెయిన్‌లో పుట్టారు.

● టీవీ: 2016లో మొదలైన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘స్ట్రేంజర్ థింగ్స్’తో పేరొచ్చింది. ఎలెవెన్ పాత్ర కోసం గుండు చేయించుకున్నారు. మణికట్టుపై ‘011’ పచ్చబొట్టుతో కనిపించే ఆ పాప తొలి సీజన్‌లో మాటలకన్నా చూపులతోనే మెప్పించింది. 2017, 2018లలో ఎమ్మీ నామినేషన్లు దక్కాయి.

● సినిమా: ‘గాడ్జిల్లా: కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’ (2019), ‘ఎనోలా హోమ్స్’ (2020). రెండో చిత్ర నిర్మాతల్లో ఆమె ఒకరు.

● ముఖ్యాంశం: 2018 నవంబర్ 20న, ప్రపంచ బాలల దినోత్సవం రోజున, 14 ఏళ్లకే యునిసెఫ్ గుడ్‌విల్ అంబాసిడర్ అయ్యారు. అప్పటికి ఆ హోదా పొందినవారిలో ఆమే పిన్న వయస్కురాలు.

● అనుబంధం: యునిసెఫ్ స్థాపన 1946 డిసెంబర్ 11, ప్రధాన కార్యాలయం న్యూయార్క్.

గమనిక: భారత్‌లో బాలల దినోత్సవం నవంబర్ 14. దీన్ని, నవంబర్ 20 నాటి ప్రపంచ బాలల దినోత్సవాన్ని తారుమారు చేయకండి.