తడి గాయముపై అతుకు

పాఠ భాగములు: ఆదికాండము 6:14, యిర్మీయా 6:14
ముఖ్యాంశము: లోపలి తడి ఆరకముందు పైనుండి మూసిన పగులు బాగుపడదు.



వికారాబాదు, తాండూరు ప్రాంతములవారమైన మనకు సముద్రము దూరము. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీని, తాండూరు ప్రక్కను పారు కాగ్నాను, ఈ రెండు ఊళ్ళ నడుమనున్న కోట్‌పల్లి జలాశయమును ఎరుగుదుము గాని సముద్రపు అలలను ఎరుగము. అట్టి మనకు అలలపై నిలిచి సాగు పలకను గూర్చిన పాఠమేమిటని మీరు అడుగవచ్చును. క్రిందటి వేసవిలో అట్టి పలక యొకటి తాండూరులోని మా యింటికి వచ్చినది. దానిని బాగుచేయబోయి నేను చేసిన తప్పును, నేర్చుకొనిన పనిని మీకు చెప్పవలెనని యున్నాను.

నా మేనల్లుడు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. ఋషికొండ తీరమున అలలపై ఆట నేర్చుకొని, ఒకరు వాడి విడిచిన సర్ఫ్‌బోర్డును కొనెను. దాని అంచున జానెడు పగులు, తోక వద్ద ఒక గుంట యుండెను. పది దినముల సెలవుపై వచ్చుచు దానిని వెంట తెచ్చి, "మామా, బండల పాలిష్ పని తెలిసినవాడివి, దీన్ని కూడా బాగుచేసియ్యి" అనెను. ఆ పని నాకు తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, సరే అంటిని. తప్పు అక్కడనే మొదలైనది.

1. పలక యొక్క నిర్మాణము

పూర్వము హవాయి ద్వీపవాసులు ఈ పలకలను కొయ్యతో చేసికొనిరి. 1950ల చివరను అమెరికాలోని కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ అనువారు పాలీయూరిథేన్ అను తేలికైన నురుగు దిమ్మెతో పలకలు చేయు పద్ధతిని వ్యాప్తికి తెచ్చిరి. ఆ దిమ్మెపై గాజునారతో నేసిన గుడ్డ పరచి, రెజిన్ అను చిక్కని ద్రవముతో తడిపెదరు. రెజిన్ గట్టిపడగానే గుడ్డయు అదియు ఒక్కటై పెంకువలె అగును. మన ఇండ్లపై కనబడు ఫైబరు నీళ్ళ ట్యాంకులును, కోస్తాలో జాలరులు నడుపు ఫైబరు పడవలును ఈ జాతివే.

పలకను తేల్చునది లోపలి నురుగు, బలమిచ్చునది పైపెంకు. పెంకు వెంట్రుకవాసి పగిలినను నీరు లోనికి పోవును. నీరు పీల్చిన నురుగు బరువెక్కి, పసుపు రంగు తిరిగి, పెంకును విడిచిపెట్టును. అట్టి పలక అల దెబ్బకు విరిగినయెడల, దానిపై నున్నవాడు ఒడ్డునకు దూరముగా ఆధారము లేక మిగులును.

2. మేము చేసిన తప్పు

కుర్రవాని సెలవు తక్కువ. నా తొందర ఎక్కువ. పగులును గుడ్డతో తుడిచి, గరుకు కాగితముతో రుద్ది, ఆ సాయంత్రమే గాజుగుడ్డ వేసి రెజిన్ పూసితిని. మరునాటికి అది అద్దమువలె మెరసెను. ఇంటివారందరు మెచ్చుకొనిరి. మూడవ దినమున పలకను ఎండలో నుంచగా, లోపలి తడి వేడికి ఆవిరియై, అతుకు పూరీవలె పొంగెను. కత్తితో దానిని తెరువగా ఉప్పునీరు కారెను.

మేనల్లుడు ఏమియు అనలేదు. అయితే అది పొంగకుండ నిలిచియుండినయెడల, నా మాట నమ్మి వాడు దానిపై సముద్రములోనికి పోయియుండునని తలంచుకొని ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాకు తెలియదని ఉదయమున వానితో ఒప్పుకొంటిని. పలకను నాయొద్దనే విడిచి వాడు పనికి వెళ్ళెను. తరువాత తెలిసినవారిని అడిగి, పని మొదటినుండి చేసితిని.

3. ఆరబెట్టుట

మొదట పెంకు పట్టు విడిచినంత మేర కోసి తీసివేయవలెను. కుళ్ళిన నురుగును గట్టి నురుగు తగులువరకు గీకవలెను. ఉప్పు తడిని పట్టి యుంచును గనుక మంచినీటితో కడుగవలెను. పిదప గాయము క్రిందివైపునకు వచ్చునట్లు, గాలి వీచు నీడలో పలకను నిలుపవలెను.

ఎన్ని దినములు? దీనిని కన్ను చెప్పదు, కాటా చెప్పును. పొరుగున కందులు తూచు వ్యాపారి కాటాపై దినదినము పలకను తూచితిని. మొదటి దినమున 5 కిలోల 200 గ్రాములు. బరువు దినదినము తగ్గి, రెండు వారముల పిమ్మట 4 కిలోల 100 గ్రాముల వద్ద నిలిచెను. కిలోకు మించిన నీటిని నేను అద్దమువంటి అతుకు క్రింద దాచితిని!

4. అతుకు వేయుట

రెజిన్ కొనుటకు ముందు నురుగు ఏ జాతిదో తెలిసికొనవలెను. పాలీయూరిథేన్ నురుగునకు పాలిస్టర్ రెజిన్ చాలును. థర్మాకోల్ జాతి నురుగును పాలిస్టర్ రెజిన్ కరిగించివేయును. దానికి ఎపాక్సీ రెజిన్ మాత్రమే వాడవలెను. రాలిన చిన్న ముక్కపై ఒక చుక్క వేసి చూచిన తెలియును. పోతపోసిన ప్లాస్టిక్ కయాక్ పడవలకు ఈ రెజిన్లు సరిగా అంటుకొనవు గనుక వాటిపై ఈ పద్ధతిని ప్రయత్నింపరాదు.

గుంటను రెజిన్‌లో కలిపిన తేలికైన పొడితో నింపి, గట్టిపడిన తరువాత చదును చేయవలెను. చుట్టునున్న పాత పెంకును రెండంగుళముల మేర గరుకు చేయవలెను. నున్నని దానిపై రెజిన్ నిలువదు. గాయముకంటె పెద్దదిగా ఒక గాజుగుడ్డను, దానికంటె పెద్దదిగా మరియొకటి పరచి, తెలుపు పోయి గుడ్డ కనబడకుండునంత వరకు రెజిన్‌తో తడిపి, గాలిబుడగలను నొక్కి తీయవలెను.

100 గ్రాముల పాలిస్టర్ రెజిన్‌కు గట్టిపరచు ద్రవము 1 మొదలు 2 గ్రాములు చాలును. మన వేసవి వేడిలో అది నిమిషములలో బిగియును గనుక తెల్లవారుజామున కొద్దికొద్దిగా కలుపవలెను. ఎపాక్సీకి డబ్బాపై వ్రాసిన పాలే పాలు. గట్టిపరచునది ఎక్కువ పోసిన త్వరపడదు, చెడును.

చివరి సానబెట్టు పని తాండూరువారికి చెప్పనక్కరలేదు. బండను పాలిష్ చేయునట్లే గరుకునుండి నున్నకు పోవలెను: 80, 150, 220, పిమ్మట నీటితో 400 అంకె కాగితము.

5. జాగ్రత్తలు

గట్టిపరచు ద్రవము కంటబడిన చూపు పోవచ్చును. అద్దములు, చేతి తొడుగులు తప్పక ధరింపవలెను. కోబాల్ట్ కలిసిన ఊదారంగు ద్రవమును విడిగా అమ్మినయెడల, దానిని ముందుగా రెజిన్‌లో బాగుగా కలిపిన తరువాతనే గట్టిపరచునది పోయవలెను. ఆ రెంటిని నేరుగా ఎన్నడును కలుపరాదు, ప్రేలును. గాజుపొడి ఊపిరిలోనికి పోకుండ ముక్కుకు మాస్కు కట్టవలెను. నిప్పు దగ్గర గాని, మూసిన గదిలో గాని, పిల్లల నడుమ గాని ఈ పని చేయరాదు.

6. మనకు పాఠము

నోవహు ఓడకు కీలు పూయవలసిన స్థలము పైభాగము మాత్రమే కాదని, లోపల వెలుపల రెండునని మన మొదటి పాఠ భాగము తెలుపుచున్నది. ప్రజల గాయమును పైపైన మాన్పి, లేని నెమ్మదిని ఉన్నదన్నవారిని యిర్మీయా గద్దించెను. అన్నదమ్ముల తగవులో ఎంతమంది పెద్దలము ఆ సాయంత్రమే చేతులు కలిపించి, లోపలి తడిని అడుగకయే లేచిపోయితిమి? మొదటి ఎండకే ఆ అతుకు పొంగినప్పుడు వారిని నిందించితిమి గాని మన తొందరను నిందించుకొంటిమా?

పని ముగిసిన పిమ్మట పలకను గంటసేపు నీటి తొట్టిలో ముంచియుంచి, తుడిచి మరల తూచితిని. బరువు మారలేదు. క్రిస్మసు సెలవులకు వచ్చిన మేనల్లునికి దానిని అప్పగించితిని. అతుకు మచ్చ కనబడుచునే యున్నది. నేను దానిని దాచలేదు; వాడును దాచుమని అడుగలేదు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. నాకు తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, నేను చేయబూనిన పని ఏది?
2. త్వరగా ముగింపవలెనని నేను తడిమీదనే మూసిన గాయము ఎవరిది?
3. దానిని ఇప్పుడు తెరచుటకు నాకు ఓపిక గలదా?