మరచిన బలమును గుర్తుచేయుట – జాంబవంతుని ధర్మము

శ్రీకూర్మనాథుని దర్శనమునకు రైలులో వచ్చు యాత్రికులలో పెక్కుమంది ఆమదాలవలసలో దిగుదురు. అచ్చటి స్టేషనునకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు. శ్రీకాకుళము చేరి, అరసవల్లిలో సూర్యనారాయణమూర్తిని సేవించి, పిదప శ్రీకూర్మమునకు పోవుట పలు కుటుంబములకు పరిపాటి. శ్రీకూర్మమున స్వామి కూర్మరూపముననే పూజలందుకొనుచున్నాడు. క్షీరసాగర మథనవేళ మందరగిరి క్రుంగిపోవుచుండగా దానిని వీపున ధరించిన రూపమది. చిలికినవారు దేవదానవులు, స్వామి నీటి అడుగున, ఎవరి కంటికిని కనబడక, ఆధారమై నిలిచెను. పదిమందిచేత పని చేయించువారు ఆ సన్నిధిలో నేర్వదగిన పాఠమొకటి కలదు.

మిల్లులోగాని, కార్యాలయములోగాని, దేవస్థానపు వంటశాలలోగాని, పని తెలిసియు ముందుకు రానివారు కొందరుందురు. ఏ పని చెప్పినను “నావల్ల కాదేమోనండి” అందురు. తెలియనిది అడుగుటకు జంకుదురు. అట్టివానిని పై అధికారి పదుగురిలో గద్దించినచో ఏమగును? ఆతడు మరునాటినుండి తప్పు చేయుట మానడు. చేసిన తప్పును చెప్పుట మానును. లెక్కలో దాగిన చిన్న పొరపాటు సంవత్సరాంతమునకు పెద్దదగును. అతని జీతముపై ఆధారపడిన ఇల్లును, అతని పనిపై ఆధారపడిన సంస్థయు రెండును నష్టపడును. ఈ చిక్కునకు మన ఇతిహాసములు చక్కని దారి చూపినవి.

మౌనముగా కూర్చున్న హనుమ

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండ చివరి ఘట్టమును స్మరింతము. సీతాన్వేషణకై దక్షిణదిశకు వచ్చిన వానరులకు సుగ్రీవుడు పెట్టిన నెలగడువు దాటిపోయినది. సంపాతివలన సీతమ్మ జాడ తెలిసినది గాని, నడుమ 100 యోజనముల సముద్రము. ఎవరెంత దూరము లంఘింపగలరని అంగదుడడిగెను. ఒకరు 10 అనిరి, ఒకరు 20 అనిరి. వృద్ధుడైన జాంబవంతుడు తాను 90 యోజనములు పోగలననెను. యౌవనమున తనకుండిన బలము ఇప్పుడు లేదని చెప్పుటకు ఆయన సిగ్గుపడలేదు. అంగదుడు తాను దాటగలనుగాని మరలి రాగలనో లేదోయని సందేహించెను. “నీకు శక్తి లేదు” అని జాంబవంతుడు ఆ యువరాజును చిన్నబుచ్చలేదు. నీవు సమర్థుడవే, కాని నాయకుడు పంపవలసినవాడు, తాను పోవలసినవాడు కాడని నచ్చజెప్పెను.

అప్పుడాయన చూపు ఒక ప్రక్కన ఒంటరిగా, మాటలేక కూర్చున్న హనుమంతునిపై పడినది. శ్రీరాముడు నమ్మి అంగుళీయకము నిచ్చినది ఆ హనుమకే. బాల్యమున చేసిన అల్లరికి ఋషులు, ఎవరైన గుర్తుచేయువరకు తన బలము తనకు తెలియకుండునట్లు శపించిరని ఉత్తరకాండ చెప్పుచున్నది.

జాంబవంతుని నేర్పును గమనింపుడు. ఆయన ఒట్టి పొగడ్తకు దిగలేదు. అంజనాదేవి కడుపున పుట్టినది మొదలుకొని జరిగిన సంగతులు చెప్పెను. ఉదయభానుని చూచి పండనుకొని పసితనముననే 300 యోజనములు పైకెగసితివని జ్ఞాపకము చేసెను. 300 యోజనములు ఎగసినవానికి 100 యోజనములు ఎంత? హనుమ ఉత్సాహముతో పెరిగిన పిమ్మట, నీవు వచ్చువరకు మేము ఒంటికాలిపై నిలిచియుందుమని కూడ జాంబవంతుడు పలికెను. పని అప్పగించి మరచిపోలేదు. వెనుక తోడున్నామని తెలిపెను.

1977లో ఆల్బర్ట్ బండూరా అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆత్మవిశ్వాసమును గురించి వ్రాయుచు, దానికి నాలుగు ఆధారములు చెప్పెను: తాను స్వయముగా సాధించిన పని, తనవంటివారు సాధించుట చూచుట, ఇతరుల ప్రోత్సాహవాక్యము, దేహమనస్సుల స్థితి. వీనిలో మొదటిది మిక్కిలి బలమైనదనియు, మాట ఒక్కటే అంతగా నిలువదనియు ఆయన మతము. జాంబవంతుని మాట ఫలించుటకు కారణమిదియే. ఆ మాట వెనుక హనుమ చేసిన పని ఉన్నది.

నళుని సేతువు

మాటలో గుర్తుచేయుటకు పూర్వపు విజయము లేనివాని సంగతి యేమి? వానికి విజయమును కల్పింపవలెను. యుద్ధకాండమున నళుడు సేతువు కట్టు విద్య తెలిసినవాడే. అయినను అడుగనిదే తన గుణములు చెప్పుకొనుట తగదని ఊరకుండెను. సముద్రుడు పేరెత్తి చెప్పిన పిదపనే ముందుకు వచ్చెను. మన మధ్య అట్టి నళులెందరో! సేతువు మొదటి దినమున 14 యోజనములు, తరువాత వరుసగా 20, 21, 22, 23 యోజనములు సాగి, ఐదుదినములలో 100 పూర్తియైనది. మొదటినాటి పని తక్కువయే. చేసినకొలది చేయి తిరిగినది. క్రొత్తవానికి మొదటినాడే 23 యోజనములు కొలిచి పెట్టరాదు.

ఉత్తరుని పగ్గములు

విరాటపర్వమున ఉత్తరకుమారుడు అంతఃపురమున బీరములు పలికి, కౌరవసేనను చూడగనే రథము దిగి పరుగెత్తెను. ఆ బీరముల క్రింద చేసిన పని లేదు. బృహన్నల వేషముననున్న అర్జునుడు వెంటబడి పట్టుకొని, ధైర్యము చెప్పి, నీవు పగ్గములు పట్టుము, యుద్ధము నేను చేసెదననెను. శమీవృక్షమెక్కించి ఆయుధములు దింపించెను. రథము తోలు విద్య ఉత్తరునకు తెలియును. ఆ తెలిసిన పనినే చేతికిచ్చుటచే, పారిపోవువాడు రణరంగమున నిలిచెను. భయపడినవానిని ఇంటికి పంపక, వానికి తగిన స్థానమున నిలుపుట నేర్పు.

ఆచరణకు

కావున అధికారులు మొదట విచారింపవలసినది, ఎదుటివానికి లేనిది విద్యయా, ధైర్యమా యని. విద్య లేనివానికి ధైర్యము చెప్పుట వృథా; నేర్పవలెను. విద్య ఉండి జంకువానికి అతడు ఇదివరలో చక్కగా చేసిన పనిని పేరెత్తి చెప్పవలెను. తప్పును ఏకాంతమున దిద్ది, మెప్పును పదుగురిలో చెప్పవలెను. మాటలాడనివానిని వెదకి పలుకరింపవలెను. క్రొత్త పనిని చిన్న భాగములుగా ఇచ్చి, పూర్తియగువరకు అందుబాటులో నుండవలెను. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలి విషయమునను, చదువులో వెనుకబడిన పిల్లవాని విషయమునను గృహస్థులు పాటింపవలసినది ఈ ధర్మమే.

శ్రీకూర్మనాథుని సన్నిధిలో చేతులు జోడించినపుడు మన క్రింద పనిచేయువారిలో ఒక్కరినైన తలచుకొందము. మందరగిరి వలె క్రుంగుచున్నవారు మన చుట్టునుందురు. వారికి వీపునిచ్చుటయు స్వామి సేవయే.