పాఠం 9 : మాడ్యూలును పైథాన్ ఎక్కడ వెతుకుతుంది?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– ఇంపోర్ట్ చేసినప్పుడు జరిగే వెతుకులాట క్రమాన్ని చెప్పగలుగుతారు.
– ఫైలు పేరు వల్ల వచ్చే తప్పును గుర్తించి, సరిదిద్దగలుగుతారు.

9.1 ఒక చిక్కు

మీరు పాచికల ఆట రాస్తున్నారనుకోండి. 1 నుంచి 6 వరకు ఏదో ఒక అంకె రావాలి. ఆ పని చేసే రాండమ్ మాడ్యూలు పైథాన్‌తోపాటే వస్తుంది. అందుకని మొదటి వరుసలో 'ఇంపోర్ట్ రాండమ్' అని రాశారు. ఫైలుకు కూడా 'రాండమ్.పై' అనే పేరే పెట్టారు. నడిపి చూస్తే, రాండమ్‌లో 'రాండ్‌ఇంట్' లేదని తప్పు చూపింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాశారు కదా! మరి తప్పు ఎక్కడుంది? మీరు రాసిన వరుసల్లో లేదు. ఫైలు పేరులో ఉంది.

9.2 వెతికే క్రమం

పైథాన్ ఈ క్రమంలో వెతుకుతుంది:

1. ఇప్పటికే తెచ్చుకున్న మాడ్యూళ్ల పట్టిక. అందులో ఉంటే ఫైలును మళ్లీ చదవదు.
2. పైథాన్‌లోనే కలిసి ఉన్న మాడ్యూళ్లు. ఉదాహరణకు, సిస్.
3. 'సిస్.పాత్' అనే జాబితాలోని ఫోల్డర్లు, వరుసగా.

ఈ జాబితాలో మామూలుగా మొదటిది మీరు నడిపిన ఫైలు ఉన్న ఫోల్డరు. తరువాత 'పైథాన్‌పాత్'లో మీరు చేర్చినవి ఉంటే అవి, ఆ తరువాత పైథాన్ సొంత లైబ్రరీ, చివర విడిగా తెచ్చుకున్న ప్యాకేజీలు. మొదట దొరికినదానితోనే వెతుకులాట ఆగిపోతుంది.

తరగతిలో ఒకే పేరు గలవారు ఇద్దరుంటే, పిలవగానే ముందు బెంచీవాడే పలుకుతాడు. ఇక్కడ మీ ఫైలే ముందు బెంచీలో ఉంది. అసలు రాండమ్ వంతు రానేలేదు.

9.3 సరిదిద్దడం

ఫైలు పేరును 'పాచిక.పై' అని మార్చండి. మార్చకపోతే అదే ఫోల్డరులో రాండమ్‌ను వాడే మీ మిగతా ప్రోగ్రాములు కూడా చెడిపోతాయి. 2024లో వచ్చిన పైథాన్ 3.13 ఇలాంటి చోట పేరు మార్చమని తానే సూచిస్తుంది. అనుమానం వస్తే 'సిస్.పాత్'ను ప్రింట్ చేసి చూడండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. మీ ప్రోగ్రాము, దానికి కావలసిన 'లెక్క.పై' రెండూ 'పద్దు' ఫోల్డరులో ఉన్నాయి. మీరు వేరే ఫోల్డరులో ఉండి ఆ ప్రోగ్రామును నడిపితే 'లెక్క' దొరుకుతుందా?
2. మీ ఫైలుకు 'సిస్.పై' అని పేరు పెడితే 'ఇంపోర్ట్ సిస్' దేన్ని తెస్తుంది?

జవాబులు

1. దొరుకుతుంది. పైథాన్ చూసేది ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును; మీరున్న ఫోల్డరును కాదు.
2. పైథాన్‌లోని సిస్‌నే. అది ముందే పట్టికలో ఉంటుంది.