చివరి గది దాకా వైఫై: ప్రశ్నలు - జవాబులు

హాల్లో బాగా వచ్చే నెట్ చివరి గదికి వెళ్ళేసరికి ఎందుకు నీరసపడుతుంది? ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఈ ఒక్క సంగతే అడిగాయి. ఆ చివరి గదిలో కూర్చునేది పరీక్షలకు చదువుకునే పిల్లలో, ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్ళో. అందుకే ఈ సంచిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక ఉంది. మా అబ్బాయి మేడ మీద గదిలో ఆఫీసు పని చేసుకుంటాడు. మీటింగ్ మధ్యలో మాట తెగిపోతోంది. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మార్చినా లాభం లేదు. షాపులో రిపీటర్ తీసుకోమంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అప్పుడే కొనకండమ్మా. ముందు ఫోన్‌లో రెండుచోట్ల స్పీడ్ టెస్ట్ చేయండి: ఒకసారి రౌటర్ పక్కన, ఇంకోసారి మేడ గదిలో అబ్బాయి కూర్చునేచోట. కింద పూర్తి వేగం వస్తూ పైన పది కూడా రాకపోతే లోపం ప్లాన్‌ది కాదు, మధ్యలో ఉన్న స్లాబుది. ఇనుప చువ్వలు కట్టి పోసిన కాంక్రీటు సిగ్నల్‌ను బాగా తినేస్తుంది. 300 ప్లాన్‌కు కట్టే అదనపు డబ్బు పై గదికి చేరడమే లేదు.

ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, కానీ గోడలు దాటేసరికి బలం తగ్గిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం వెళ్తుంది, వేగం మాత్రం తక్కువ. పైగా ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ దానిమీదే ఎక్కువ. పై గదిలో రెండూ మార్చి చూడండి.

తర్వాత రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీయించి మెట్ల దగ్గర గోడకు, తల ఎత్తున పెట్టించండి. మెట్ల దగ్గర స్లాబు తెరిచి ఉంటుంది కాబట్టి సిగ్నల్ పైకి ఎక్కడానికి అదే మంచి దారి. స్టీలు బీరువా, పెద్ద అద్దం దానికి అడ్డం లేకుండా చూడండి. ఫైబర్ తీగను మడత పడేలా వంచితే పాడవుతుంది, కనుక ఈ పని నెట్ ఆపరేటర్ మనిషి చేతనే చేయించండి.

ఇక రిపీటర్. చాలామంది దాన్ని తీసుకెళ్ళి సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. దానికే అందనిది అది మనకెక్కడ ఇస్తుంది? సిగ్నల్ ఇంకా బాగున్నచోట, మధ్యదారిలో పెట్టాలి. అలా పెట్టినా, చవక రకాలు ఏ బ్యాండ్ మీద అందుకుంటాయో దానిమీదే తిరిగి పంపుతాయి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. వాట్సాప్‌కు చాలు, రోజంతా మీటింగ్‌లుండే మనిషికి చాలదు.

మీ అబ్బాయికి కావలసింది లాన్ కేబుల్. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. కింది రౌటర్ నుంచి దాన్ని పైకి లాగి, గదిలో ఒక యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టండి. కొనేటప్పుడు లోపలి తీగను బ్లేడుతో గీకి చూడండి. ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా బయటపడితే అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం, తీసుకోవద్దు. కేబుల్‌ను కరెంటు వైర్లున్న పైపులో దూర్చనివ్వకండి. పాత టెలిఫోన్ పైపు ఖాళీగా ఉంటే అందులోంచి లాగించవచ్చు.

ప్రశ్న: ఇంట్లో పాత రౌటర్ ఒకటి మూలన పడి ఉంది. యాక్సెస్ పాయింట్ కొనకుండా దాన్నే వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిక్షేపంగా వాడుకోవచ్చు. సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే అది ఎంచుకుని కేబుల్ కలిపితే చాలు. లేకపోతే మూడు పనులు చేయాలి. మొదటిది, దాని ఐపీ అడ్రస్ మార్చడం. పెద్ద రౌటర్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. ఆ నంబరు ఇంట్లో మరే పరికరానికీ ఉండకూడదు. రెండోది, డీహెచ్‌సీపీ ఆపేయడం. ఆపకపోతే రెండు రౌటర్లూ ఎవరికి వారు అడ్రస్‌లు పంచుతాయి, నెట్ ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటుంది. మూడోది, కింది నుంచి వచ్చిన కేబుల్‌ను వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చడం.

రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. 2.4 బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11. కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. పాత రౌటర్ పోర్టులు 10/100 రకమైతే మాత్రం 100 ఎంబీపీఎస్ దాటి రాదు.

ప్రశ్న: అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఓనర్ గోడకు మేకు కూడా కొట్టనివ్వరు. ఒకరు మెష్ పెట్టుకోమంటారు, ఒకరు కరెంటు ప్లగ్గుల ద్వారా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు తెచ్చుకోమంటారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు పల్చటి ఫ్లాట్ లాన్ కేబుల్ సంగతి ఆలోచించండి. తలుపు కింద నుంచి దూర్చి, స్కర్టింగ్ వెంబడి అతుక్కునే క్లిప్పులతో పరిస్తే ఒక్క రంధ్రం కూడా పడదు. ఇల్లు మారేటప్పుడు చుట్టుకుని పట్టుకుపోవచ్చు.

అదీ కుదరకపోతే మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే యూనిట్ల సెట్. రెండు పడకగదుల ఇంటికి చాలాసార్లు రెండు యూనిట్లు సరిపోతాయి. రెండోదాన్ని చివరి గది లోపల కాక, గది గుమ్మం దగ్గర పెట్టండి. పవర్‌లైన్‌ను చివరి మార్గంగానే చూడండి. త్రీఫేజ్ కనెక్షన్‌లో గదులు వేర్వేరు ఫేజులకు ఉంటే అది సరిగా పనిచేయకపోవచ్చు. తెస్తే వాపసు తీసుకునే షాపులోనే తెచ్చి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడండి.

ప్రశ్న: ఇంటికి దాదాపు 60 మీటర్ల దూరంలో మా కోళ్ళ షెడ్డు ఉంది. అక్కడ కెమెరా పెట్టాలి. లాన్ కేబుల్ వేయనా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: దూరం లెక్కన వేయవచ్చు గానీ, ఆరుబయట రాగి కేబుల్ వద్దండి. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంట వచ్చే కరెంటు కెమెరానీ రౌటర్‌నీ కూడా కాల్చేయగలదు. ఫైబర్ తీగ వేసి రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను లాన్ కేబుల్‌కు కలిపే పెట్టెలు) పెట్టండి. ఫైబర్ లోపల ఉండేది గాజు, దానిలోంచి కరెంటు రాదు. పక్కన ఇనుప తీగ కలిసి ఉండే ఫైబర్ అయితే ఆ ఇనుప తీగను బయట కొక్కెం దగ్గరే ఆపేయించండి, లోపలికి తేనివ్వకండి.

మధ్యలో చెట్లు లేకుండా షెడ్డు సూటిగా కనిపిస్తుంటే, ఎదురెదురుగా బిగించే వైర్‌లెస్ బ్రిడ్జి జత కూడా బాగా పనిచేస్తుంది. కొబ్బరి మట్టలు అడ్డొస్తే, అందులోనూ వానకు తడిసినప్పుడు, సిగ్నల్ తగ్గుతుంది.

ఏది పెట్టినా రెండు చివర్లకూ ఇన్వర్టర్ లైనుగానీ, 12 వోల్టుల చిన్న యూపీఎస్‌గానీ ఇవ్వండి. ఒక పక్క కరెంటు పోయినా కెమెరా కనిపించదు.