చేరవేసే ముందు ఆగాలి

చదువు వచ్చిన ఆడమనిషికి కొత్త బలం వస్తుంది. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. రేషను కార్డులో పేర్లు సరిచూస్తుంది. ఫోనులో వచ్చిన ముక్క కూడా తానే చదువుకుంటుంది. అయితే అక్షరాల్లో ఉన్నదంతా నిజం కాదు. బొమ్మలో కనిపించిందంతా నిజం కాదు. చదవడం ఎంత అవసరమో, చదివినదాన్ని ప్రశ్నించడం అంత అవసరం.

వెనకట పుకారు నోటినోటా నడిచేది. బావి దగ్గర ఒకరు అంటే, సంతలో ఇంకొకరు వినేవారు. తాండూరులో పుట్టిన మాట వికారాబాద్ చేరడానికి ఒక పూట పట్టేది. ఆ లోపల ఎవరో ఒకరు "ఎవరన్నరమ్మా? నువ్వు చూసినవా?" అని అడిగేవారు. ఇప్పుడు ఫోను వచ్చింది. వేలు తాకితే చాలు, మాట వంద ఊళ్లకు పోతుంది. అడిగే సమయమే ఉండదు.

2018లో ఏం జరిగింది?

2018 ఎండాకాలంలో తెలంగాణ ఊళ్లలో వాట్సాప్‌లో ఒక భయం తిరిగింది. పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు వచ్చాయని దాని సారాంశం. దానికి తోడు ఒక వీడియో వచ్చింది. మోటారు సైకిలు మీద ఇద్దరు వస్తారు. ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకొని పోతారు. చూసినవాళ్ల గుండె జల్లుమంది.

ఆ వీడియో మన దేశానిది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో తీసింది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోవాలని చెప్పడానికి నటించి తీశారు. అసలు వీడియో చివర పిల్లవాణ్ణి తిరిగి దింపుతారు. జాగ్రత్త చెప్పే అట్ట ముక్క పట్టుకొని చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. మిగిలిందే ఊరూరా తిరిగింది.

ఆ భయానికి ప్రాణాలు పోయాయి. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల దొంగ అని గుంపు కొట్టి చంపింది. ఆమె బిచ్చం అడుక్కోవడానికి వచ్చిన మనిషి.

అదే ఏడు జూలై 13న బీదర్ జిల్లాలో ఇంకో ఘోరం జరిగింది. బీదర్ మనకు దూరమేమీ కాదు. వికారాబాద్ నుంచి రైలు పోతుంది. హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన యువకులు దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల దొంగలని అనుమానం పుట్టింది. వాళ్లు కారులో తప్పించుకొని పోతుంటే, వాళ్ల కంటే ముందు వాట్సాప్‌లో వార్త పోయింది. ముర్కి అనే ఊరి దగ్గర దారి ఆపారు. కారు బోల్తా పడింది. గుంపు వాళ్లను కొట్టింది. ఒక యువకుడు చనిపోయాడు. ఆపబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. తర్వాత చాలామందిని అరెస్టు చేశారు. చనిపోయిన ఇంట ఒక తల్లి ఏడ్చింది. జైలుకు పోయినవాళ్ల ఇండ్లల్లోనూ తల్లులు ఏడ్చారు.

గద్వాల ఊళ్లు ఎట్ల నిలిచాయి?

ఆ రోజుల్లో జోగుళాంబ గద్వాల జిల్లాకు రెమా రాజేశ్వరి పోలీసు సూపరింటెండెంటు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకొని లోపల ఉంటున్నారని పోలీసులు గమనించారు. కారణం ఫోనులో వచ్చిన వీడియోలని తెలిసింది. ఆమె ఊరూరికి పోలీసులను పంపారు. డప్పు కొట్టి చాటించారు. జానపద కళాకారులతో పాటలు పాడించారు. "కొత్త మనిషి కనబడితే కొట్టవద్దు, పోలీసులకు చెప్పండి" అని నచ్చజెప్పారు. ఆ ఊళ్లలో ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫోను తెచ్చిన భయాన్ని డప్పు తీర్చింది.

మాట ద్వేషంగా మారేది ఎప్పుడు?

ఎన్నికలు వస్తే ఫోనులు వేడెక్కుతాయి. రాజకీయం మాట్లాడడం తప్పు కాదు. "మా ఊరి రోడ్డు ఎందుకు వేయలేదు? పింఛను ఎందుకు ఆగింది?" అని అడగడం ప్రతి ఓటరు హక్కు. నాయకుణ్ణి గట్టిగా నిలదీయవచ్చు. కానీ "ఆ కులపోళ్లంతా దొంగలు, ఆ మతపోళ్లను ఊళ్లె ఉండనియ్యొద్దు" అంటే అది ద్వేషం. ఒకరు చేసిన తప్పుకు అందరినీ తిట్టడం ద్వేషానికి గుర్తు.

2020లో కరోనా వచ్చినప్పుడు, ముస్లిం వ్యాపారులు పండ్ల మీద, కూరగాయల మీద ఉమ్మి వేస్తున్నారని వీడియోలు తిరిగాయి. వాటిలో చాలా పాతవని, కరోనాతో సంబంధం లేనివని తేలింది. ఆ లోపల ఎందరో బండివాళ్ల గిరాకీ పడిపోయింది. తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినబడతాయి. అటువంటి ఊరిలో ఇరుగుపొరుగు నమ్మకం పోతే బజారూ నడవదు, బతుకూ నడవదు.

ఇటువంటివి ఎవరు తయారు చేస్తారు? కొందరు ఓట్ల కోసం చేస్తారు. కొందరు పైసల కోసం చేస్తారు. కోపం తెప్పించే వీడియోను ఎక్కువమంది చూస్తారు. ఎక్కువమంది చూస్తే పెట్టినవాడికి ఆదాయం. కోపం మనది, లాభం వాడిది.

చట్టం కూడా ఉంది. కులం, మతం, భాష పేరుతో పగ రేపితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

నాలుగు ప్రశ్నలు

సంఘం మీటింగులో ఇద్దరు ఇట్ల మాట్లాడుకున్నారనుకుందాం.

"అక్కా, ఈ వీడియో చూసినవా? ఎంత ఘోరమో!"

"ఎవరు పంపిండ్రు చెల్లె?"

"మా వదినె పంపింది."

"ఆమె కండ్లతోని చూసిందా?"

"లేదక్కా, ఆమెకు ఇంకెవరో పంపిండ్రట."

"మరి ఏ ఊర్ల జరిగింది? ఎన్నడు జరిగింది?"

"అది రాసి లేదు."

"ఊరు లేదు, తేదీ లేదు, చెప్పినోళ్ల పేరు లేదు. అసొంటి మాటను మనమెందుకు మోయాలె?"

ఈ ప్రశ్నలే అందరూ వేసుకోవాలి.

1. మొదట చెప్పింది ఎవరు?
2. ఎక్కడ, ఎప్పుడు జరిగింది?
3. వేరే పత్రికల్లో, టీవీల్లో కూడా వచ్చిందా?
4. ఇది చదివితే ఎవరి మీద కోపం వస్తుంది? ఆ కోపం వల్ల లాభం ఎవరికి?

వాట్సాప్‌లో ముక్క పైన రెండు బాణాల గుర్తు ఉంటే, అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. "అందరికీ వెంటనే పంపండి" అని ఉంటే మరింత అనుమానించాలి. నిజంగా ఆపద అనిపిస్తే 100కు గాని 112కు గాని ఫోను చేయాలి. పిల్లల విషయమైతే 1098 ఉంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. ఇప్పుడు వేలు జారినా అంతే.

కొత్త మాటలు

పుకారు – నిజమో కాదో తెలియకుండా వ్యాపించే మాట
ద్వేషం – పగతో కూడిన అయిష్టం
నిలదీయడం – జవాబు చెప్పమని గట్టిగా అడగడం

మాట్లాడండి, రాయండి

1. కరాచీ వీడియోలో ఏ ముక్కను కత్తిరించారు? దానివల్ల ఏం జరిగింది?
2. నాయకుణ్ణి ప్రశ్నించడానికి, ఒక కులాన్ని తిట్టడానికి తేడా ఏమిటి?
3. మీ ఊరిలో తిరిగిన ఒక పుకారు గురించి ఐదు వాక్యాలు రాయండి. అది అబద్ధమని ఎట్ల తెలిసింది?